వాషింగ్టను అను ఇంటిపేరు

తెలుగువారమైన మనకు ఇంటిపేరనునది క్రొత్త విషయము కాదు. క్రొత్తవాడెవడైన వాకిట నిలిచినచో మన పెద్దలు మొదట నడుగు ప్రశ్నలలో "మీ యింటిపేరేమి?" అనునది యొకటి. ఆ యొక్కమాట తెలిసినచో ఆతని పూర్వులు ఏ వైపునుండి వచ్చిరో, ఎవరికి చుట్టములో, సగము తెలిసినట్లే వారు తలంతురు. మన యింటిపేర్లలో పెక్కులు ఊళ్ల పేర్లే యని మీ రెఱుగుదురు. ఒక కుటుంబము తన గ్రామమును విడిచి మఱొక గ్రామమున కాపురము పెట్టగా, విడిచివచ్చిన యూరిపేరు దాని వెనువెంట నడచివచ్చినది.

ఇంగ్లండు దేశమునందును ఇట్టి పేర్లు వేలకొలది కలవు. వానిలో ఒక్కదాని చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని. ఆ పేరు వాషింగ్టను. ఈ మాట వినగానే అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రథమాధ్యక్షుడగు జార్జి వాషింగ్టనును, ఆతని పేర వెలసిన రాజధానీ నగరమును మీకు స్ఫురించుట సహజము. కాని నేను చెప్పబోవునది ఆ ప్రసిద్ధపురుషుని జీవితచరిత్ర కాదు. ఆతడు ధరించిన పేరు యొక్క చరిత్ర. అది ఆతనికంటె అయిదున్నరవందల యేండ్లు పెద్దది. ఆతనితో అది ముగియనులేదు.

ముందుగా ఒక లెక్క చెప్పెదను. 2000వ సంవత్సరమున అమెరికాలో తీసిన జనాభా లెక్కలలో ఈ యింటిపేరు గలవారు 1,63,036 మంది తేలిరి. వారిలో నూటికి దాదాపు తొంబదిమంది ఆఫ్రికా సంతతివారు. తెల్లవారు నూటికి ఐదుగురు మాత్రమే. ఇంగ్లండు ఉత్తరభాగమునందలి యొక చిన్న పల్లె పేరు, అచ్చటి భూస్వాములు ధరించిన పేరు, సముద్రమున కావల నల్లజాతివారి యింటిపేరుగా నెట్లు మాఱినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నా ప్రసంగోద్దేశము.

ఇంగ్లండులో ఇంటిపేర్లు అనాదినుండి యున్నవి కావు. 1066వ సంవత్సరమున నార్మను ప్రభువగు విలియము ఆ దేశమును జయించుటకు పూర్వము సామాన్యముగా మనిషి కొక్క పేరే. జనము పెరిగి, ఒకే పేరు గలవారు ఊరికి పదిమంది యగుటయు, భూముల లెక్కలు వ్రాతలోని కెక్కుటయు సంభవించిన పిమ్మట రెండవ గుర్తు అవసరమాయెను. కమ్మరియైనవాడు స్మిత్తు అనిపించుకొనెను. జాను కొడుకు జాన్సను ఆయెను. పొట్టివాడు షార్టు అని పేరొందెను. పొరుగూరినుండి వచ్చినవాడు ఆ యూరిపేరుతో పిలువబడెను. వృత్తి, తండ్రి పేరు, శరీరలక్షణము, నివాసము - ఇంగ్లీషు ఇంటిపేర్లకు ఈ నాలుగే ముఖ్యమైన మూలములు. మొదట నివి తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడివి కావు. తండ్రి కమ్మరియు, కొడుకు వడ్రంగియు నైనచో పేరును మాఱెడిది. భూస్వాముల కుటుంబములలో ముందుగను, సామాన్యులలో వెనుకగను, ఇవి క్రమముగా వంశపారంపర్యములైనవి.

ఊరిపేర్ల విషయమున ఒక భేదమును గమనింపవలెను. సామాన్యుడు ఒక యూరిని విడిచినప్పుడు దాని పేరు ధరించును. ఊరిలోనే యున్నవానిని ఊరిపేరుతో పిలువవలసిన పని లేదుగదా! ప్రభువు మాత్రము ఒక యూరిని పొందినప్పుడు దాని పేరు ధరించును. మొదటివానికి ఆ పేరు విడిచివచ్చిన యింటి గుర్తు. రెండవవానికి చేజిక్కిన భూమికి గుర్తు. వాషింగ్టను అను పేరు ఈ రెండవ రీతిని పుట్టినది.

ఇంగ్లండు ఈశాన్యభాగమున, వేరు నదికి కొంచె ముత్తరముగా, పూర్వము డర్హము మండలములో చేరిన వాషింగ్టను గ్రామము కలదు. ప్రాచీనాంగ్లమున 'టూన్' అనగా పాలెము, వ్యవసాయపు నివేశము. నడుమనున్న 'ఇంగ్' అను ప్రత్యయము సంబంధమును సూచించును. మొదటి భాగము వాస్స యను పురుషుని పేరని స్థలనామ పండితులు చెప్పుదురు. మన మాటలలో చెప్పవలెనన్న, అది 'వాస్సగారి పాలెము'. ఎన్నడో నాగలి పట్టి నేల తెఱపిన ఆ వాస్సకు మిగిలిన స్మారకచిహ్నము ఈ యూరిపే రొక్కటే. దక్షిణమున ససెక్సు మండలములోను ఇదే పేరుగల గ్రామము మఱొకటి యున్నది. కావున ఇంగ్లండులో ఈ యింటిపేరు గలవా రందఱును ఒక్క గ్రామమునుండియే వచ్చిరనుటకు వీలులేదు. మన కథ మాత్రము డర్హము గ్రామమునుండి సాగును.

ఆ కాలమున డర్హము మండలమునకు అచ్చటి బిషప్పే ప్రభువు. ఆతడు మతాధికారి మాత్రమే కాక, రాజునకు సాటియగు నధికారములు చెలాయించువాడు. 1086లో విలియము రాజు దేశమంతట వ్రాయించిన సుప్రసిద్ధమైన భూముల లెక్క ఆ మండలమువఱకు ప్రాకలేదు. 1183లో బిషప్పు హ్యూ డి ప్విసే తన గ్రామములనుండి రావలసిన పన్నులను, ఊడిగములను విడిగా వ్రాయించెను. ఆ గ్రంథమునకు బోల్డను పుస్తకమని పేరు. ఏలయన, బోల్డను గ్రామస్థులు చేయవలసిన ఊడిగములను మొదట వివరించి, తక్కిన గ్రామములు పెక్కింటికి 'బోల్డనునందు వలెనే' యని వ్రాసి ముగించిరి. మనకు కావలసిన మనిషి ఈ పుస్తకములో కనబడుచున్నాడు. విలియము డి హెర్ట్‌బర్ను అను నతడు తనకున్న హెర్ట్‌బర్ను గ్రామమును వదలుకొని, దానికి మాఱుగా వెస్సింగ్టను గ్రామమును పుచ్చుకొనెను. చర్చియు చర్చిభూమియు ఆతనికి చెందవు. ఆతడు నాలుగు పౌనులు పన్ను చెల్లింపవలెను. బిషప్పుగారి మహావేటకు నాలుగు వేటకుక్కలను తీసికొని వెంట నడువవలెను.

ఈ చిన్న పద్దునుండియే మన కథలోని యింటిపేరు పుట్టినది. నిన్నటిదాక హెర్ట్‌బర్ను విలియమైనవాని కుటుంబము అటుపై వెస్సింగ్టనువా రాయెను. గ్రామము మాఱగా పేరు మాఱినది. అప్పటి కది వంశనామము కాదు, కేవలము చిరునామా. ఆ మార్పిడి జరుగకున్నచో అమెరికావారి రాజధానిని నేడు మనము హార్ట్‌బర్ను నగరమని పిలుచుచుందుము కాబోలు!

ఆ తరువాత రెండు శతాబ్దములకు పైగా ఆ కుటుంబము అచ్చటనే యుండెను. పెద్దశాఖలో మగసంతు లేకపోవుటచే, పదునైదవ శతాబ్దారంభమునాటికి ఆ భూస్థితి ఆడుబిడ్డ వివాహము మూలమున మఱొక వంశమునకు చేరెను. భూమి పోయినను పేరు పోలేదు. చిరునామాగా పుట్టిన మాట అప్పటికి వంశనామముగా స్థిరపడియుండెను. వ్రాయసకాని చెవి కెట్లు తోచిన నట్లు వెస్సింగ్టననియు, వాసింగ్టననియు, వాషింగ్టననియు వ్రాయబడుచు, చిన్నశాఖలతో అది ఇతర మండలములకు తరలినది. 1416 మొదలు 1446 వఱకు డర్హము మఠమున కధిపతిగా నుండిన జాను వెస్సింగ్టను ఈ పేరుగలవాడే. ఒక శాఖవారు పడమటనున్న వెస్ట్‌మర్లండు, లాంకషైరు మండలములలో స్థిరపడిరి. లాంకషైరులోని వార్టను గ్రామపు చర్చిలో వీరి డాలుగుర్తు చెక్కిన ఱాయి యున్నది. తెల్లని నేలపై రెండు ఎఱ్ఱని అడ్డుపట్టెలు, వానిపైని మూడు ఎఱ్ఱని నక్షత్రములు - అదియే యా గుర్తు. అమెరికా జెండాలోని చుక్కలును చారలును దీనినుండియే వచ్చినవని కొందఱందురు. అందులకు ఆధారము లేదు. రాజధానీ మండలపు జెండాకు మాత్రము 1938లో ఈ గుర్తును నిజముగనే స్వీకరించిరి.

వార్టనునుండి లారెన్సు వాషింగ్టను అను నతడు పదునాఱవ శతాబ్దమున దక్షిణమునకు దిగివచ్చి నార్తాంప్టను పట్టణము చేరెను. అది ఉన్ని వర్తకము ముమ్మరముగా సాగు కాలము. ఆతడు ఆ వర్తకమున బాగుపడి, 1532లోను మరల 1545లోను ఆ పట్టణమునకు మేయరాయెను. ఇంతలో ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను మూయించి వాని భూములను అమ్మకమునకు పెట్టెను. 1539లో లారెన్సు 324 పౌనుల 14 షిల్లింగుల 10 పెన్నీలకు సల్‌గ్రేవు గ్రామమునందలి మఠభూములను కొని, అచ్చట నొక గృహమును నిర్మించెను. ఆ గృహము నేటికిని నిలిచియున్నది. 1921 నుండి దానిని ప్రజలు దర్శించుచున్నారు. విలియము భూమిని వేటకుక్కల ఊడిగమునకు పొందగా, లారెన్సు రొక్కమిచ్చి కొనెను. కాలము మాఱిన దనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆ సంపద యెంతోకాలము నిలువలేదు. పదునేడవ శతాబ్దారంభమునకే సల్‌గ్రేవు కుటుంబము చేతినుండి జాఱిపోవుచుండెను. లారెన్సునకు నాలుగవ తరమువాడు, అదే పేరు గలవాడు, 1602లో పుట్టి ఆక్స్‌ఫర్డునందలి బ్రేజ్‌నోస్ కళాశాలలో చదివి, అచ్చటనే ఫెలోయై, 1633లో ఎసెక్సు మండలపు పర్లీ గ్రామమునందలి చర్చికి ఆచార్యుడాయెను. మంచి రాబడిగల పదవి అది. ఇంతలో మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును అంతర్యుద్ధము వచ్చినది. పార్లమెంటు పక్షమువారు రాజపక్షపాతులైన మతాచార్యులను పదవులనుండి తొలగింప మొదలిడిరి. 1643లో ఈ లారెన్సు కల్లంగళ్లు తిరుగు త్రాగుబోతని నిందమోపి ఆతనిని వెడలగొట్టిరి. పదేండ్లు పేదఱికములో గడపి, 1653 జనవరిలో ఆతడు మాల్డను పట్టణమున పాతిపెట్టబడెను. ఆతని పెద్దకొడుకు జాను. తండ్రికి పదవి లేదు, పంచుకొనుటకు భూమి లేదు. ఇరువది యేండ్లు దాటిన ఆ పడుచువాడు ఓడ యెక్కెను.

లండను రేవునకు చెందిన సీహార్స్ అను నోడలో రెండవ అధికారిగా, పొగాకు వర్తకములో కొద్ది భాగస్వామిగా, జాను వాషింగ్టను 1657 తొలినాళ్లలో వర్జీనియా తీరమును చేరెను. పొగాకు నెత్తుకొని తిరిగిపోవునపుడు పొటోమాకు నదిలో ఓడ మెరకపట్టెను; సరకు తడిసి పాడాయెను. ఓడను మరల తేల్చిరి గాని జాను దానిలో పోలేదు. ఆ ప్రాంతమున భూవసతి గల నెథేనియల్ పోపు అను నాతని ఆదరణ పొంది, ఆతని కూతురు ఆన్‌ను పెండ్లాడెను. మామ 700 ఎకరముల నేల నిచ్చెను. విలియమునకు మార్పిడివలన, పెద్ద లారెన్సునకు రొక్కమువలన లభించిన భూమి, జానునకు నదిలో జరిగిన ప్రమాదమువలనను వివాహమువలనను లభించినది. ఆతని కొడుకు లారెన్సు, మనుమడు ఆగస్టీను, మునిమనుమడు 1732లో పుట్టిన జార్జి.

జార్జి వాషింగ్టనునకు తన వంశచరిత్రపై మక్కువ తక్కువ. 1791లో లండనునుండి రాజాస్థానపు వంశచిహ్నాధికారి సర్ ఐజాకు హెర్డు ఆతని పూర్వులను గుఱించి అడుగుచు ఉత్తరము వ్రాసెను. అప్పటికి జార్జి అమెరికా అధ్యక్షుడు. 1792 మే నెలలో వ్రాసిన ప్రత్యుత్తరములో, ఈ విషయముపై తాను శ్రద్ధ వహించినది తక్కువయని యొప్పుకొని, తన పూర్వులు ఉత్తర ఇంగ్లండునుండి వచ్చిరని విన్నట్లు తెలిపెను. నిజమునకు జాను బయలుదేరినది దక్షిణమునుండి. అయినను కుటుంబములోని వినికిడి అంతకు పూర్వపు ప్రయాణమును మఱవకుండుట గమనింపదగినది. పర్లీ చర్చి ఆచార్యునికిని వర్జీనియా జానునకును గల సంబంధమును హెన్రీ వాటర్సు అను అమెరికను పరిశోధకుడు 1889లో పాతదస్తావేజులనుండి నిరూపించెను. ఇట్లు ఏడువందల యేండ్లలో ఒక్కొక్క కొలికిని కాగితములపై చూపగలుగుట అరుదైన భాగ్యము. భూమి గలవారి పేర్లను భూమి లెక్కలే కాపాడినవి.

శ్రోతలారా! ఇంతవఱకు చెప్పినది ఈ పేరు చరిత్రలో సగమే. మిగిలిన సగమునకు కాగితములు తక్కువ.

వర్జీనియాలో పొగాకు పండించుటకు మనుష్యులు కావలసివచ్చిరి. ఆఫ్రికానుండి పట్టితెచ్చినవారు 1619లోనే అచ్చట దిగియుండిరి. 1662లో వర్జీనియా శాసనసభవారు ఒక శాసనము చేసిరి. దాని ప్రకారము బిడ్డ స్వతంత్రుడా బానిసయా యనునది తల్లి స్థితినిబట్టి నిర్ణయింపబడును. ఇంగ్లండు ధర్మము దీనికి విరుద్ధము. అచ్చట బిడ్డకు స్థితియు పేరును తండ్రినుండి వచ్చును. బానిసబిడ్డ విషయమున మాత్రము తండ్రిని లెక్కనుండి తొలగించిరి. తండ్రి బానిసయైనను, యజమానియే యైనను, బిడ్డ తల్లిని గలవాని సొత్తు. తండ్రి లెక్కలో లేనపుడు తండ్రివలన వచ్చు నింటిపేరునకు చోటేది? వాషింగ్టను వంశమునకు పేరును భూమియు తండ్రినుండి కొడుకునకు దిగివచ్చుచుండగా, వారి చేలలో పనిచేయువారికి ఆ రెండును లేకుండ పోయినవి.

1743లో తండ్రి మరణించునప్పటికి జార్జికి పదునొకండు సంవత్సరములు. ఆతనికి వచ్చిన ఆస్తిలో పదిమంది బానిస లుండిరి. 1799లో, మరణమునకు కొన్ని నెలలముందు, తన మౌంటు వెర్నను క్షేత్రమునందలి బానిసల పట్టిక నాతడు స్వయముగ వ్రాసెను. అందు 317 మంది కలరు. వారిలో 123 మంది ఆతని సొత్తు. తక్కినవారిలో చాలమంది భార్య మార్తాకు ఆమె మొదటి భర్త ఆస్తినుండి సంక్రమించినవారు. ఏ పొలములో ఎవరు, ఎంత వయస్సు, ఎవరికి భర్త, ఎవరికి భార్య - అన్నియు నున్నవి. ఇంటిపేర్లు మాత్రము ఏ కొద్దిమందికో తప్ప లేవు. తన బానిసలను మార్తా మరణానంతరము విడిచిపెట్టవలసినదని జార్జి వీలునామా వ్రాసెను. ఆమె అంతవఱకు వేచియుండక 1801 జనవరి 1వ తేదీననే వారిని విడిచిపెట్టెను. తక్కినవారిలో చాలమంది బానిసలుగనే యామె మొదటి భర్త వారసులకు చేరిరి. జార్జికి సంతానము లేదు. క్షేత్రము సోదరుని కొడుకగు బుష్‌రాడు వాషింగ్టనునకు పోయెను. ఆతడు దేశములోని అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తి. తనవెంట బానిసలను తెచ్చుకొనెను. 1821లో వారిలో 54 మందిని దూరపు లూసియానాకు అమ్మివేసెను.

ఈ క్షేత్రమునుండియే ఒకడు పేరుతో సహా తప్పించుకొనిపోయెను. ఆతడు హారీ. ఆఫ్రికాలో గాంబియా నది ప్రాంతమున పుట్టి, 1763లో జార్జి వాషింగ్టనుచే కొనబడి, మౌంటు వెర్ననున గుఱ్ఱములను చూచుకొనుచుండెను. అమెరికా వలసలు ఇంగ్లండుపై తిరుగుబాటు చేసినపుడు, తిరుగుబాటుదారుల బానిసలు తమ పక్షమున చేరినచో స్వేచ్ఛ నిత్తుమని వర్జీనియా గవర్నరు లార్డు డన్మూరు 1775లో ప్రకటించెను. యజమాని అమెరికా సైన్యమునకు సేనాధిపతి కాగా, 1776లో హారీ పాఱిపోయి ఇంగ్లీషువారితో చేరెను. యుద్ధము ముగిసి 1783లో ఇంగ్లీషువారు న్యూయార్కును విడుచునపుడు, తమతో వచ్చు నల్లవారి పేర్లను ఒక పుస్తకములో వ్రాసిరి. అందు హారీ వాషింగ్టను, వయస్సు 43, పూర్వము జనరల్ వాషింగ్టను సొత్తు, అని యున్నది. బానిసపట్టికలో హారీ మాత్రమే. స్వేచ్ఛాపట్టికలో హారీ వాషింగ్టను. అచ్చటనుండి ఆతడు కెనడాలోని నోవాస్కోషియా చేరి, 1792లో సుమారు పండ్రెండువందలమందితో కూడ ఆఫ్రికా పడమటితీరమందలి సియెరాలియోనుకు పోయెను. భూమికి పన్ను కట్టుమని అచ్చటి కంపెనీవారు ఒత్తిడి చేయగా, 1800లో వలసవారు తిరుగబడిరి. తిరుగబడినవారిలో హారీయు నుండెను. ఆ యలజడి అణచివేయబడెను. హారీ ఏటి ఆవలి యొడ్డునకు బహిష్కృతుడై, అచ్చటి వలసకు నాయకులలో నొకడాయెను. పన్నుల విషయమున రాజుపై తిరుగబడి గెలిచిన యజమానికి రాజధాని వెలసినది. అదే విషయమున కంపెనీపై తిరుగబడి యోడిన హారీకి దేశబహిష్కారము కలిగినది. పేరు రెండిండ్లలోను ఒక్కటే. డర్హములో పుట్టిన ఆ మాట ఇట్లు ఆఫ్రికాను చేరినది.

అమెరికాలో అంతర్యుద్ధానంతరము 1865లో బానిసత్వము రద్దాయెను. నలుబదిలక్షల జనము ఒక్కసారి స్వతంత్రులైరి. వివాహము రిజిస్టరు చేయించుటకు, కూలి యొడంబడిక వ్రాయుటకు, బడిలో చేరుటకు, వోటు వేయుటకు రెండవపేరు కావలసివచ్చెను. అందు కొందఱు తమలో తాము అప్పటికే రహస్యముగా వాడుకొనుచుండిన పేర్లను బయటపెట్టిరి. కొందఱు కడపటి యజమాని పేరును, కొందఱు అంతకు పూర్వపు యజమాని పేరును గ్రహించిరి. అమ్మకములచే చెదరిపోయిన బంధువులు వెదకుకొనుటకు పాతపేరే ఆనవాలుగదా! కొందఱు యజమాని పేరును రోసి క్రొత్తపేరు పెట్టుకొనిరి. వాషింగ్టను అను పేరు ఏ యొక్క యజమానిదియు కాదన్నంతగా అప్పటికి దేశమంతటికి చెందియుండెను. నగరములకు, మండలములకు, తెల్లవారి బిడ్డలకు, బానిసల బిడ్డలకు కూడ అదే పేరు పెట్టుచుండిరి.

ఆ యెన్నికకు ప్రసిద్ధమైన యుదాహరణము బుకర్ టి. వాషింగ్టను. ఆతడు 1856లో వర్జీనియాలోని ఫ్రాంక్లిన్ మండలమున, బరోసు అను కుటుంబమువారి పొలములో బానిసయై పుట్టెను. తండ్రి తెల్లవాడని వినికిడియే గాని, ఎవరో ఆతనికి తెలియదు. 1865లో విడుదలయైన పిమ్మట తల్లితో పశ్చిమ వర్జీనియా చేరి, ఉప్పుకొటారులలో పనిచేయుచు బడికి పోయెను. బడిలో హాజరు పిలుచునపుడు తక్కిన పిల్లలకు రెండేసి, మూడేసి పేర్లుండుటయు, తనకు బుకర్ అను నొక్కపేరే యుండుటయు చూచి ఆ పిల్లవాడు కలతపడెను. పంతులు తనవఱకు వచ్చునప్పటి కొక యుపాయము తోచి, బుకర్ వాషింగ్టను అని చెప్పెను. ఈ సంగతి నాతడే 1901లో ప్రచురించిన స్వీయచరిత్రలో వ్రాసియున్నాడు. ఆతని సవతితండ్రి పేరు వాషింగ్టను ఫెర్గుసను. అనగా, సవతితండ్రికి మొదటి పేరైనది బాలునికి ఇంటిపే రాయెను. తల్లి తనకు టాలియఫెరో అను మఱొక పేరుకూడ పెట్టియుండెనని తరువాత తెలియగా, నడుమ ఆ యక్షరమును నిలుపుకొనెను. 1881లో అలబామాలోని టస్కీగీ విద్యాలయమునకు ప్రథమాధిపతియై, 1915లో మరణించునప్పటికి ఆతడు దేశమున నల్లజాతివారిలో మిక్కిలి పేరుగన్నవాడు. ఈ వాషింగ్టనునకు మౌంటు వెర్ననుతో గాని, సల్‌గ్రేవుతో గాని సంబంధము లేదు. విలియము ఒక గ్రామము నిచ్చి పొందిన పేరును ఈ బాలుడు హాజరుపట్టీముందు తనంతట తానే పొందెను.

ఇప్పుడు మొదటి లెక్క మీకు వింతగా తోపదు. మగసంతు లేక, వంశము పలుచబడి, తెల్లవారిలో ఈ పేరు అరుదాయెను; వేలకొలది స్వతంత్రులైనవారు గ్రహించుటచే నల్లవారిలో విస్తరించినది. 1532లో నార్తాంప్టనునకు ఒక వాషింగ్టను మేయరైనట్లే, 1983లో షికాగో మహానగరమునకు ఒక వాషింగ్టను మేయరాయెను. ఆతడు హెరాల్డు వాషింగ్టను. ఆ నగరమునకు మేయరైన మొట్టమొదటి నల్లజాతివాడు.

ఈ కథవలన మనము గ్రహింపవలసిన దేమనగా, ఇంటిపేరు రక్తసంబంధమునకు రుజువు కాదు. ఒకే పేరు గలవారిలో కొందఱికి అది పుట్టుకచే వచ్చినది. కొందఱికి యజమానులవలన వచ్చినది. కొందఱు తామే కోరి తెచ్చుకొన్నారు. పేరు వచ్చిన త్రోవను విచారింపక, పేరును మాత్రమే చూచి వంశవృక్షము నల్లినచో చెట్టు తప్పును.

ఆ విచారణలో సైతము అందఱికి ఒకే సౌకర్యము లేదు. జార్జి వాషింగ్టను పూర్వులను వెదకువాడు 1183వ సంవత్సరపు పన్నుల పుస్తకమువఱకు నడచిపోవచ్చును. నల్లవాషింగ్టను ఒకడు తన పూర్వులను వెదకినచో, అమెరికా జనాభా లెక్కలలో 1870కి వెనుక తఱచు గోడ యడ్డమగును. ఏలయన, నల్లవారి నందఱిని పేర్లతో వ్రాసిన మొదటి లెక్క అదియే. 1850, 1860 సంవత్సరముల బానిసపట్టికలలో యజమాని పేరున్నది. దానిక్రింద ఆడు, మగ, వయస్సు, వర్ణము అను గుర్తులే తప్ప మనుష్యుల పేర్లు సామాన్యముగా లేవు. అందుచేత వారి వంశీయులు యజమానుల వీలునామాలను, అమ్మకపు చీట్లను, మౌంటు వెర్నను పట్టికవంటి వానిని చదివి, అచ్చట వ్రాయబడిన ఒంటిపేర్లలో తమవారిని గుర్తింప యత్నించుచున్నారు. ఆస్తిలెక్కకై వ్రాసిన కాగితమే నేడు వారికి వంశావళి యగుచున్నది.

డర్హము గ్రామములో, పాత చర్చికి ప్రక్కన, వాషింగ్టనువారి ప్రాచీనగృహ స్థలమున నున్న యిల్లు శిథిలమై కూలద్రోయబడవలసి యుండగా, 1936లో గ్రామస్థులు పూనుకొని దానిని నిలిపిరి. నేడచ్చటికి అమెరికానుండి యాత్రికులు వచ్చుచున్నారు. వారిలో తెల్లవారైన వాషింగ్టనులుండవచ్చును, నల్లవారైన వాషింగ్టనులుండవచ్చును. ఆ గుమ్మమున నిలిచి 'ఇది మా యింటిపేరు పుట్టిన యూరు' అని చెప్పుకొనుటకు ఇరువురికిని సమానమైన యధికారము కలదని నా నమ్మకము. విలియము నాటినుండి ఆ పేరును భూమికై ధరించినవారు కొందఱు. భూమియు బంధువులును లేనిచోట, తామును ఒక యింటివారమని చెప్పుకొనుటకై ధరించినవారు లక్షమందికి పైగా.